తోకరెక్క మీద కుంకుమ

"అబద్ధం చెప్పేవాడు అడక్కుండానే టైము చెప్తాడప్పా," అంది ప్రైవేటు డిటెక్టివ్ సత్యభామ, కుర్చీ బరబరా లాక్కుని గిరిధర్ ఎదురుగా కూర్చుంటూ. "నేనింకా నీ పేరన్నా అడగలేదు. నువ్వప్పుడే అయిదుంపావు అంటాండావు."

గిరిధర్ మొహం చిట్లించాడు. హెలికాప్టర్లు అద్దెకిచ్చే కంపెనీ అతనిది. కంపెనీ అంటే మరీ పెద్దదేం కాదు. కె.ఆర్.పురం దాటాక పాత మద్రాసు రోడ్డుకు లోపలగా ఒక రేకుల షెడ్డు, దాని ముందు సిమెంటు గచ్చు, ఆ గచ్చు మీద ఒకే ఒక్క హెలికాప్టరు. నిన్న ఆయుధపూజ. మెకానిక్ అశ్వత్థప్ప తెల్లవారుజామునే వచ్చి ఆ హెలికాప్టరును కడిగి, గంధం పూసి, బొట్లు పెట్టి, దండలేసి, పూలూ మరమరాలూ చల్లి, ముక్కు ముందు బూడిద గుమ్మడికాయ పగలగొట్టాడు. సాయంత్రానికి అదే హెలికాప్టరు తోక కింద తల పగిలి పడి ఉన్నాడు. తోక చివర నిలువుగా తిరిగే చిన్న ఫ్యాను తగిలి పోయాడని గిరిధర్ సాక్ష్యం. ఎవరికీ చెప్పకుండా ఇంజన్ స్టార్ట్ చేసింది పైలట్ ఫర్హానా అని కూడా అతని సాక్ష్యమే.

ఇన్‌స్పెక్టర్ మోహన్‌కుమార్ ఆ మాటను చేతిలో కాఫీ చల్లారేలోగా నమ్మేశాడు. ఫర్హానా ఇప్పుడు బయట పోలీసు జీపులో బేడీలతో కూర్చుని ఉంది. సాయంత్రం నాలుగింటికి మేజిస్ట్రేటు ఇంట్లో హాజరుపరుస్తారు. హాజరుపరిచారంటే లైసెన్సు పోయినట్టే. ఆ పిల్లకు ఇరవై తొమ్మిదేళ్లు. ఎగరడం తప్ప ఇంకో పని రాదు, ఇంకో పని అక్కర్లేదు కూడా. నిన్న రాత్రి స్టేషన్ నుంచి ఒక్క ఫోనుకు ఒప్పుకుంటే, అది సత్యభామకు చేసింది.

"మేడమ్, యాక్చువల్‌గా నేను ఆఫీసులో ఉన్నాను," అన్నాడు గిరిధర్. "సౌండ్ విని బయటికొచ్చాను. అప్పటికే ఆవిడ మూడడుగులు లేపేసింది. అశ్వత్థప్ప ఏదో దండ పట్టుకుని వెనక్కి వెనక్కి నడుస్తున్నాడు. కొంచెం తాగి కూడా ఉన్నాడు. టెయిల్ రోటర్ తగిలింది. స్పాట్‌లో పోయాడు. ఆవిడ దించేసి పారిపోయింది."

"మూడడుగులు? బాగా గుర్తుండాదా?"

"బాగా గుర్తుంది."

"సంతోషం." సత్యభామ లేచింది. ఆమెకు సంతోషం కలిగిందంటే ఎదుటివాడికి మూడిందని ఆమె దగ్గర పనిచేసినవాళ్లందరికీ తెలుసు. పాపం, గిరిధర్‌కు తెలియదు.

బయట గచ్చు మీద అడుగు పెట్టగానే ఆమె ఒళ్లు మండిపోయింది. అద్దంలా ఊడ్చి ఉంది గచ్చు!

"పూలేవీ?" అని అరిచింది. "ఇన్‌స్పెక్టరూ! నిన్నటి పూలు, బొరుగులు యాడికి పోయినాయి?"

మోహన్‌కుమార్ తాపీగా వచ్చాడు. పక్క తాలూకాలో పుట్టిన కన్నడిగుడు, తెలుగు వచ్చు. ఈ ఆరేళ్లలో రెండుసార్లు సత్యభామ అతని కేసులు తిరగదోడింది. ఆ కడుపుమంట ఇంకా చల్లారలేదు. "ఏనమ్మా గలాటె? కసువు ఊడిపించినాను. పొద్దున్నే డి.సి.పి. సాహేబ్రు వస్తారని చెప్పినారు. పూజ చేసిన చోట గలీజుగా ఉంటే బాగుంటాదా?"

"నీ బుద్ధి గలీజు! ఆ పెద్దరెక్కలు తిరిగితే కింద గాలి యెట్లా కొడతాదో యెప్పుడన్నా చూసినావా? చీర కుచ్చిళ్లు నిలవవు, పూరేకు నిలుస్తాదా? నిన్న ఇంజన్ నిజంగా వేసింటే ఈ గచ్చు మీద ఒక్క బొరుగు మిగిలుండదు. మిగిలినాయంటే వెయ్యలేదని. ఆ బిడ్డ విడుదలను చీపురుకట్టతో ఊడ్చి పారేసినావు."

"కోర్టులో బొరుగులు వచ్చి సాక్షి చెప్తాయా?" మోహన్‌కుమార్ కానిస్టేబుళ్లకు వినపడేట్టు నవ్వాడు. "నాలుగు గంటల వరకే నీకు టైము. తరువాత ఆమెను తీసుకుపోతాను. సుమ్నె, ఊరికే అరవవద్దు."

సత్యభామ జీపు దగ్గరికి పోయింది. ఫర్హానా కళ్లు వాచి ఉన్నాయి. సత్యభామను చూడగానే మళ్లీ ఏడుపందుకుంది.

"ఏడుపు తర్వాత పెట్టుకో," అంది సత్యభామ. ఓదార్చడం ఆమెకు చేతకాదు, నేర్చుకుందామని కూడా ఎప్పుడూ అనుకోలేదు. "నిన్న ఆ సీట్లో కూర్చున్నావంట. వాచ్‌మన్ చూసినాడు. యెందుకు?"

"ప్రతి ఆయుధపూజకూ కూర్చుంటా మేడమ్. హారతిచ్చేటప్పుడు పైలట్ సీటు ఖాళీగా ఉండకూడదంటాడు అశ్వత్థన్న. నేను హారతి అద్దుకోనని ఆయనకూ తెలుసు. 'నువ్వు బొరుగులు తిను తల్లీ, కళ్లకద్దుకునేది నేను చూసుకుంటా' అంటాడు. నాలుగున్నరకు వెళ్లిపోయినా. ఇంజన్ ముట్టుకోలేదు, ఒట్టు." ఆమె బేడీల చేతులతోనే కళ్లు తుడుచుకుంది. "ఈ బండి గురించి నాకు తెలిసిందంతా ఆయన పెట్టిన భిక్షే మేడమ్."

"సరే. ఇది యెట్లా ఎగురుతాదో నాకు చెప్పు. బడికి పోని దానికి చెప్పినట్టు చెప్పు."

ఫర్హానా ముక్కు తుడుచుకుంది. చెప్పడం మొదలుపెట్టగానే గొంతు దానంతటదే నిలదొక్కుకుంది. "బస్సు కిటికీలోంచి అరచెయ్యి బయట పెట్టినారా ఎప్పుడైనా? పడుకోబెట్టినట్టు పెడితే గాలిని కోసుకుని పోతాది. ముందంచు కొంచెం ఎత్తితే చెయ్యే పైకి లేస్తాది. రెక్క పనంతా అంతే. గాలిని కిందికి తోస్తాది, గాలి దాన్ని పైకి తోస్తాది. విమానమైతే మొత్తం పరుగెత్తాల. మేము ఉన్నచోటే నిలబడి రెక్కల్ని మాత్రం పరుగెత్తిస్తాం. ఎడమచేతి కింద లివరుంటాది. దాన్ని లాగితే రెక్కలన్నీ ఒక్కసారే ముందంచు పైకెత్తుతాయి. బండి లేస్తాది."

"తోకలో ఆ చిన్నది యెందుకు?"

"నెత్తి మీద అంత బరువును ఇంజన్ ఒకవైపు తిప్పుతా ఉంటే, కింద ఒళ్లు రెండోవైపు తిరగాలని చూస్తాది. ఆ చిన్నది తోకను పక్కకు నెడతా పట్టుకుంటాది. అది లేకపోతే బొంగరమే మేడమ్. గిరగిరా తిరిగిపోతాం."

"లేచినాక ఆ చిన్నది పాడైతే?"

"పైలట్ ఎంత గట్టోడైనా తిరగాల్సిందే."

సత్యభామ తల పంకించి, చంకలో గొడుగు పెట్టుకుని హెలికాప్టరు తోక దగ్గరికి నడిచింది. గిరిధర్‌నూ మోహన్‌కుమార్‌నూ రమ్మని కేకేసింది.

"ఇన్‌స్పెక్టరూ, అశ్వత్థప్ప యెంత పొడుగు?"

"అయిదడుగుల రెండంగుళాలు. ఇంక్వెస్టులో ఉంది."

ఆమె గొడుగు నిలబెట్టి కొలిచింది. తోకఫ్యాను రెక్క కింది కొన నేలకు మూడడుగుల ఎత్తున, సరిగ్గా ఆమె నడుము దగ్గరుంది. "ఇప్పుడు నేల మీద ఉండాది కాబట్టి ఇంత ఎత్తు. గిరిధరప్పా, నీకు బాగా గుర్తుండే ఆ మూడడుగులు లేపితే ఈ కొన ఆరడుగుల మీదికి పోతాది. అయిదు రెండు మనిషి నెత్తికి అది యెట్లా తగిలింది? నిచ్చెన వేసుకున్నాడా?"

గిరిధర్ ఒకడుగు పక్కకు జరిగాడు. "అంటే... లేపబోతోంది. ఎగ్జాక్ట్‌గా లేవలేదు. గ్రౌండ్ మీదే ఉంది అనుకుంటా."

"అనుకుంటావా? ఇందాక బాగా గుర్తుండాది అన్నావే!"

"మేడమ్, షాక్‌లో ఉన్నాను. అర్థం చేసుకోండి."

"మనిషన్నాక తడబడతాడు, బిడమ్మా, వదిలెయ్యి," అన్నాడు మోహన్‌కుమార్. కానీ అంటూనే గొడుగు వంక, రెక్క వంక ఒకసారి చూసుకున్నాడు. సత్యభామ ఆ చూపు పట్టేసింది.

ఆమె కళ్లజోడు పెట్టుకుని తోకఫ్యాను మీదికి వంగింది. దానికి రెక్కలు రెండే. ఒకదాని అంచున రక్తం ఎండి ఉంది, బ్రష్షుతో అద్దినంత ఒద్దికగా. అంత వేగంగా తిరిగేది తలను కొడితే రక్తం వసంతం చల్లినట్టు చిమ్మాలి. తెల్లటి తోక మీద ఒక్క చుక్క కూడా లేదు. ఆ రెక్క మీద అశ్వత్థప్ప పెట్టిన బొట్టు ఉంది. కింద గంధం, దాని మీద కుంకుమ, ఎండి గట్టిగా అతుక్కుని ఉంది. రెండో రెక్క మీదా బొట్టుంది. దాని కింద గంధం లేదు. ఉత్త పొడి కుంకుమ, బొటనవేలితో అడ్డదిడ్డంగా రాసి ఉంది.

సత్యభామ తండ్రికి పీణ్యలో లేత్ మెషిన్ల షాపు ఉండేది. ఆయుధపూజ నాడు పగుళ్లు పట్టిన సుత్తి, చిట్లిన ఉలి పీట మీదికి రానిచ్చేవాడు కాదు. చెడిపోయిన పనిముట్టుకు బొట్టు పెడితే దానికి ఇంకో ఏడాది పని చెప్పినట్టని ఆయన లెక్క. వాటిని విడిగా మూలన పెట్టించేవాడు. ఆ సంగతి గుర్తుకొచ్చి ఆమె రెక్క మీదికి ఇంకా దగ్గరగా వంగింది.

అశ్వత్థప్ప ఈ రెక్కకు బొట్టు పెట్టలేదు. కావాలనే పెట్టలేదు. ఒకదానికి ఉండి ఒకదానికి లేకపోతే బాగుండదని తర్వాత ఎవడో, గంధం సంగతి తెలియని వెధవ, జత చేసిపెట్టాడు!

ఎవరూ చూడకుండా ఆమె గోటితో కుంకుమను కొంచెం గీకింది. కింద ఎర్ర పెన్సిలుతో చుట్టిన సున్నా, సగం తుడిచేసి ఉంది. సున్నా మధ్యలో, రెక్క మొదట్లో, తలవెంట్రుకంత సన్నటి పగులు. ఆమె బొటనవేలితో కుంకుమ మళ్లీ సర్దేసింది. ఈ ముక్క ఎవరికీ చెప్పలేదు. ఇన్‌స్పెక్టరుకు చెబితే పగులు ఎప్పటిదో అంటాడు. గిరిధర్‌కు చెబితే వకీలును పిలుస్తాడు. ఫర్హానాకు చెబితే మొహంలో దాచుకోలేదు. అందుకని ఫర్హానాకూ చెప్పలేదు.

"ఇంకొక్కటి చూపిస్తా రాండి," అంటూ ఇద్దర్నీ షెడ్డు పక్కనున్న స్టోరు గదికి నడిపించింది. గడప ముందు గుమ్మడికాయ పగిలి ఉంది, కుంకుమ కలిసి ఎర్రగా. "ఇన్‌స్పెక్టరూ, పొద్దున్నుంచి దీన్ని దాటుకుని యెన్నిసార్లు తిరిగినావు?"

"పండగ. ఊరంతా గుమ్మడికాయలే. దీంట్లో విశేషమేముంది?"

"మెషిన్ ముక్కు ముందు ఒకటి కొట్టినాడు. అది పద్ధతి. పాత సామాన్లు పారేసే గదికి యెవుడు దిష్టి తీస్తాడు?" ఆమె కాలితో గుమ్మడి చెక్కను పక్కకు నెట్టింది. దాని కింద మరక నల్లగా పెచ్చు కట్టి ఉంది. ఈగలు గుయ్యిమని లేచాయి. "కుంకుమ నీళ్లు ఇట్లా గడ్డ కడతాయా? మనిషిని కొట్టింది ఈడ. తోక దగ్గర కాదు."

మోహన్‌కుమార్ మొహం కందగడ్డయింది. కానిస్టేబుళ్ల ముందు తల కొట్టేసినట్టయింది అతనికి. "రక్తమో కాదో ల్యాబు చెప్పాలి. నీవు చెప్తే కాదు. నీ మాట ప్రకారం నిన్న మెషిన్ తిరగనే లేదు, అంతే కదా?"

"తిరగలేదు. తిరిగింటే ఆ రెండో రెక్క మీద పొడి కుంకుమ నిలిచేది కాదు."

"ఆయ్తు, సరే! అయితే ఇప్పుడే తిప్పి చూద్దాం." అతను ఛాతీ విరుచుకున్నాడు. "ఫోటోలు తీసినాము. ఆమెతోనే స్టార్ట్ చేయిస్తాను. కుంకుమ నిలిచిందంటే నీవు ఇంటికి పోవాలి. మళ్లీ నా కేసుల్లో వేలు పెట్టకూడదు."

సరిగ్గా ఈ మాట కోసమే ఆమె అతన్ని అంతసేపు రెచ్చగొట్టింది. "ఒప్పుకుంటా. గిరిధరప్పా, నువ్వు ఆమె పక్క సీట్లో కూర్చో."

గిరిధర్ రెండడుగులు వెనక్కి వేశాడు. "నేనెందుకు మేడమ్? నాకు బి.పి. ఉంది."

"నిన్న చూసినోడివి నువ్వొక్కడివే కదా! యెంత వేగం తిప్పిందో నువ్వు కాక యెవరు చెప్తారు? యేం, నీ బండి మీద నీకే నమ్మకం లేదా?"

"కూర్చోండి సార్, రెండే నిమిషాలు. లేపడం లేదు, ఉత్త తిప్పేది," అన్నాడు మోహన్‌కుమార్ విసుగ్గా.

సత్యభామ స్వయంగా అతని బెల్టు బిగించింది. బిగిస్తుంటే అతని గుండె దడదడలాడడం ఆమె చేతికి తెలుస్తూనే ఉంది. పాపమనిపించలేదు. ఫర్హానా బేడీలు విప్పించుకుని ఎక్కి కూర్చుంది, తనకూ గిరిధర్‌కూ హెడ్‌ఫోన్లు తగిలించింది. లోపలి మాటలు వినడానికి సత్యభామ షెడ్డులోని వాకీటాకీ చేతిలోకి తీసుకుంది. మోహన్‌కుమార్ ఆమె భుజం పక్కకొచ్చి నిలబడ్డాడు.

ఇంజన్ సన్నగా ఈలవేసి అందుకుంది. పెద్దరెక్కలు బద్ధకంగా కదిలి, ఊపందుకుని, కంటికి ఆనకుండా పోయాయి. తోక దగ్గర ఎర్రటి పొగలాంటిది ఒక్కసారి బుస్సుమని లేచి, మాయమైంది. రెండో రెక్క మీది కుంకుమంతా అదే.

మోహన్‌కుమార్ కళ్లు చిట్లించి ఒకడుగు ముందుకు వేశాడు.

వాకీటాకీలో గిరిధర్ గొంతు కీచుమంది. "ఆపు! ఆపవే! ఆ టెయిల్ బ్లేడ్ క్రాక్ ఉంది! విరిగిందంటే చస్తాం, ఆపు!"

"క్రాకా?" ఫర్హానా గొంతు. "మీకెట్లా తెలుసు సార్?"

"అశ్వత్థప్ప చెప్పాడు! మార్క్ చేశాడు! ముందు ఆపు తల్లీ, నీ కాళ్లు పట్టుకుంటా!"

మోహన్‌కుమార్ టోపీ తీసి చెమట తుడుచుకున్నాడు. "ఒప్పుకున్నాను," అన్నాడు గొణుగుతున్నట్టు. "ఆమె మీద కేసు లేదు. ఆపమను."

సత్యభామ వాకీటాకీ నోటి దగ్గర పెట్టుకుంది. గెలిచానన్న పొంగు గొంతులో దాగలేదు. "ఫర్హానా! అయిపోయింది. నీ లైసెన్సుకు ఢోకా లేదు. ఇంజన్ ఆపి దిగు."

ఇంజన్ ఆగలేదు. హెలికాప్టరు ఒక్కసారి ఒళ్లు విదిలించుకుని నేల విడిచింది. గిరిధర్ అరుపు గాలి హోరును చీల్చుకుని బయటికే వినబడింది. మోహన్‌కుమార్ పిస్తోలు మీద చెయ్యి వేసి, దాంతో ఏం చెయ్యాలో తెలియక వదిలేశాడు.

"మూడడుగులే మేడమ్," అంది ఫర్హానా. ఆ గొంతులో ఏడుపు లేదిప్పుడు. "ఇక్కడ రెక్క విరిగినా భయం లేదు. ఇంజన్ కట్ చేస్తే తిప్పేదే ఉండదు, గింగిరాలు ఆగిపోతాయి, దభీమని కింద పడతాం. నడుం నొప్పి. ఇదే వంద అడుగుల మీదైతే పడేదానికి ఎత్తుంటాది, కాచుకునేదానికేమీ ఉండదు. సార్‌కు ఇదంతా తెలుసు. చెప్పండి సార్. క్రాక్ చూపించినందుకు అన్నను కొట్టినారా?"

"బుకింగ్ ఉంది... పెళ్లి మీద పూలు చల్లాలి, ఇవాళే... బండి కదలనివ్వనన్నాడు. ఏవియేషన్ వాళ్లకు ఫోన్ చేస్తానన్నాడు. కోపంలో... స్పానర్‌తో ఒక్కటి... చంపాలని కాదు!"

"ఒక్క దెబ్బకే పోయినాడా?"

హెలికాప్టరు కొంచెం పైకి జరిగింది.

"లేదు! లేదు! చెప్తా! ఊపిరుంది. ఆరున్నర దాకా ఉంది. నీళ్లడిగాడు. నిన్ను పిలవమన్నాడు. ఫర్హానాకు చెప్పు, అది రేపు ఈ బండి ఎక్కకూడదు, అదే మాట అంటూనే ఉన్నాడు."

"మీరేం చేసినారు?"

"తలుపేశాను."

మోహన్‌కుమార్ తల తిప్పుకున్నాడు. పాతికేళ్ల సర్వీసులో అతను వినని మాటలు లేవు, అయినా తల తిప్పుకున్నాడు.

"మేడమ్," అంది ఫర్హానా. "మీరు ఇందాక తోక దగ్గర చాలాసేపు చూసినారు. క్రాక్ సంగతి మీకు ముందే తెలుసా?"

సత్యభామ ఇన్నేళ్లలో ఎంతమందిని ఎదురుగా కూర్చోబెట్టుకుని అబద్ధాలు పిండిందో! ఇప్పుడు ఒక్క అబద్ధం కావలసి వస్తే నాలుకకు అందలేదు. ఆమె తన బొటనవేలి వంక చూసుకుంది. కుంకుమ ఇంకా అంటుకునే ఉంది.

"తెలుసు," అంది.

"తెలిసే నన్ను ఎక్కించినారు. ఊపిరి పోయేదాకా అన్న నన్ను ఎక్కొద్దనే అన్నాడు."

"ఫర్హానా, నా మాట ఇను. నీ కోసరమే చేసినా. దించమ్మా. నువ్వు గెలిచినావు, నీ ఆకాశం నీకు వచ్చేసింది. దించు."

వాకీటాకీలో చిన్న చప్పుడైంది. ఫర్హానా రేడియో కట్టేసింది. ఫర్హానా ఎడమభుజం వెనక్కి కదలడం అద్దంలోంచి సత్యభామకు స్పష్టంగా కనిపించింది. లివరు లాగింది.

గాలి ఒక్కసారి మీద పడి మోహన్‌కుమార్ టోపీ గచ్చు మీద దొర్లుకుంటూ పోయింది. హెలికాప్టరు షెడ్డు కప్పు దాటింది. కరెంటు స్తంభాలు దాటింది. గిరిధర్ రెండు చేతులతో తలుపు బాదుతున్నాడు. ఇంకా పైకి పోతూనే ఉంది, తిన్నగా, తొందరేమీ లేకుండా. అంత ఎత్తున తోక ఒకసారి పక్కకు జరిగి, మళ్లీ సర్దుకుంది. రెండోసారి ఇంకొంచెం ఎక్కువ జరిగింది. సత్యభామ రెండు చేతులూ ఎత్తి, గొంతు చించుకుని ఆ పిల్ల పేరు అరిచింది. ఆ హోరులో ఆమె అరుపు పక్కనున్న ఇన్‌స్పెక్టరుకు కూడా వినబడలేదు.